మూడున్నర వేళ్ళ ముద్ర

పోయిన నవంబరులో, పెన్షను తీసుకునే మన వయసు వాళ్ళందరికీ ఏటేటా తప్పని తతంగం కోసం, అంటే నేనింకా బతికే ఉన్నానని సర్కారుకు రుజువు చూపించుకోవడానికి, ఖరిదా బజారులో ఒక కంప్యూటర్ల కొట్టుకు వెళ్ళాను. ఏళ్ళ తరబడి ల్యాబులో జిగురులూ రసాయనాలూ కలిపిన వేళ్ళు కావడంతో నా వేలిముద్రలు ఏనాడో అరిగిపోయాయి, యంత్రం నాలుగుసార్లు వద్దంది. కొట్టు నడిపే బెంగాలీ దాదా పాపం విసుక్కోకుండా తన ఫోను తీసి నా మొహానికెదురుగా పట్టి, "ఆంగుల్ లాగ్‌బే నా దీదీ, ముఖ్‌టా దేఖాన్" అన్నాడు. వేలితో ఇక పని లేదట, మొహం చూపిస్తే చాలట. కెమెరా నన్నొకసారి చూసి, నేను బతికే ఉన్నానని ఒప్పుకుంది. దాదాకు నమస్కారం పెట్టి బయటపడ్డాను గానీ కెమెరా వేలి పని చేయడం నాకు కొత్త సంగతి కాదు. ఇరవై ఏళ్ళ క్రితం ఒక మామూలు కెమెరాకు తాకిడి నేర్పిన పనిలో నాకూ ఒక చెయ్యి ఉంది.

మా తాత శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఈ బెంగాలు ఊళ్ళోని రైల్వే వర్క్‌షాపులో చేరాడు, ఆయన తరవాత మా నాన్న చేరాడు, ఆయన తరవాత మా అన్నయ్య. నేను పుట్టింది ఓల్డ్ సెటిల్‌మెంటు క్వార్టర్లలో. ఆ సందుల్లో సైకిలు నేర్చుకున్న వాళ్ళకు చెప్పక్కర్లేదు, తెల్లారి వర్క్‌షాపు సైరను కూస్తే ఇంటింటా తలుపులు ఒక్కసారే తెరుచుకునేవి, వీధి పొడుగునా మన మాటే వినబడేది, బెంగాల్లో ఉన్నామన్న సంగతి చేపల బజారుకు వెళితే గానీ గుర్తొచ్చేది కాదు. నాన్న ఫిట్టరు. బండి ఇరుసు మీద కూర్చునే బేరింగును అతికినట్టు సరిపోయేదాకా గీకి గీకి దించడం ఆయన పని. ఇరుసుకు పల్చగా నీలం రంగు పూసి, బేరింగు పెట్టి, ఓసారి తిప్పి, పైకెత్తి చూస్తారు. రంగు అంటిన చోట ఎత్తుందన్న మాట, ఆ ఎత్తు గీకాలి. గీకాక కిరసనాయిలులో తడిపిన నూలుపీచుతో పాత రంగంతా తుడిచి మళ్ళీ మొదలు. పాత రంగు తుడవకుండా కొత్త ముద్ర చూసేవాడు ఫిట్టరు కాదని నాన్న మాకు చిన్నప్పుడే చెప్పేవాడు, మా ఇంట్లో కుట్టుమిషను దగ్గర్నుంచి తలుపు గొళ్ళెం దాకా అన్నిటికీ వారానికోసారి కిరసనాయిలు స్నానమే. ఆ పనిలోనే ఎప్పుడో నాన్న ఎడమచేతి చూపుడు వేలు సగం పోయింది. అన్నం కలిపేటప్పుడు తప్ప ఆ చెయ్యి జేబులోనే ఉండేది, అలాగని ఎడమచేత్తో అన్నం కలిపేవాడని మీరనుకోకండి, కంచం పట్టుకునేది ఆ చెయ్యి.

నేను ఐటిఐ చదివి, ఊరి చివరున్న పెద్ద ఇంజనీరింగు కాలేజీ ల్యాబులో టెక్నీషియనుగా చేరాను. మా ఆయన గూడ్సుబండి గార్డు, నెలలో సగం రోజులు పట్టాల మీదే ఉండేవాడు కనుక, నాన్న రిటైరై క్వార్టరు ఖాళీ చేసి తాల్‌బగీచాలో కట్టుకున్న చిన్న ఇంట్లోనే అమ్మానాన్నలతో ఉండిపోయాను. అన్నయ్యా వదినా రెండు వీధుల అవతల. అప్పుడే మా ల్యాబుకు పరిశోధన చేయడానికి ఒక వరంగల్ అమ్మాయి వచ్చింది. ఊరుగాని ఊళ్ళో తెలుగు మాట వినబడేసరికి నన్ను అక్కా అని పిలవడం మొదలుపెట్టి, మా ఇంటి పప్పుచారుకు అలవాటు పడి, చివరికి మా అమ్మ చేత తిట్లు తినేంత దగ్గరైంది.

ఆ అమ్మాయి పని వింటే మొదట్లో నాకు నవ్వొచ్చింది. కంప్యూటరు మీద పెట్టుకునే చవక కెమెరా ఒకటి తీసుకుని, దాన్ని ఒక చిన్న పెట్టెలో ఆకాశం చూసేలా పడుకోబెట్టి, పైన అద్దం, అద్దం మీద జున్నులాంటి మెత్తని రబ్బరు బిళ్ళ, లోపల చిన్న దీపాలు. పైనుంచి వేలితో నొక్కితే రబ్బరు ఎక్కడ ఎంత కుంగిందో కింద కెమెరా చూసి, ఎక్కడ నొక్కారో ఎంత గట్టిగా నొక్కారో కంప్యూటరుకు చెప్పాలి. కెమెరాకు కన్ను ఒక్కటే ఉంది, దానికి చర్మం కూడా ఇద్దామని ఆ పిల్ల పట్టుదల. రబ్బరు పోత పోసేది నేనే, ఎన్ని పోతలు పోసినా ముద్ర మసగ్గానే పడేది. ఒక ఆదివారం ఆ గోడు ఇంట్లో చెప్పుకుంటుంటే నాన్న నవ్వి, "ఏటుందే అందులో, మేం బతుకంతా సేసిందే గదా! తాకిన సోటు కంటికి సూపించడమే గదా!" అన్నాడు. తాతకు దగ్గులు నేర్పబోయామని మాకప్పుడు తెలిసింది. పాత బొగ్గు ఇంజను ముక్కుకు పూసే వెండిరంగు డబ్బా ఒకటి ఆయన అటక మీద దాచుకున్నాడు, అది తెచ్చి, రబ్బరు పైముఖానికి పల్చగా పుయ్యమన్నాడు. పూశాం. ఆరాక ల్యాబుకు నాన్నను తీసుకెళ్ళి మొదటి చెయ్యి ఆయన చేతే వేయించాం.

తెర మీద కనబడింది చెయ్యి కాదు. వెండి పొర అడ్డం కనుక కెమెరాకు వేళ్ళు కనపడవు, వాటి ఒత్తు మాత్రమే కనపడుతుంది. బూడిదరంగు మైదానంలో ఎవరో అవతలి పక్క నుంచి మనవైపు వస్తూ తోస్తున్నట్టు బిళ్ళ అంచు దాటిన బొటనవేలు తప్ప, మూడు వేళ్ళూ, ఒక సగం వేలూ మెల్లగా పైకి తేలాయి, గీతలతో సహా, పాత గాట్లతో సహా. మనిషి లేడు, మనిషి బరువు మాత్రం ఉంది. వరంగల్ అమ్మాయి సంతోషంతో చప్పట్లు కొట్టింది గానీ నాన్న చటుక్కున చెయ్యి తీసేసి జేబులో పెట్టుకున్నాడు.

ఆ ఏడాది వానాకాలంలో నాన్నకు పక్షవాతం వచ్చింది. కుడివైపు మొత్తం పోయింది, మాట పోయింది, ఎడమచేతి వేళ్ళు మిగిలాయి. కళ్ళతో ఏదో చెప్పాలని చూసేవాడు, మాకు అర్థమయ్యేది కాదు, అర్థం కాలేదని ఆయనకు కన్నీళ్ళొచ్చేవి. అది చూడలేక వరంగల్ అమ్మాయి ల్యాబులో పాతబడిన పెట్టె ఒకటీ, ఒక పాత కంప్యూటరూ అనుమతి తీసుకుని మా ఇంటికి పట్టుకొచ్చింది. నాన్న ఎడమచెయ్యి ఎప్పుడూ రబ్బరు మీద ఉండేలా మంచం మీద పెట్టెను అమర్చింది. ఒకసారి నొక్కితే గంట ఒకసారి మోగుతుంది, అవునని. రెండుసార్లు నొక్కితే రెండుసార్లు మోగుతుంది, కాదని. అంతే భాష. నీళ్ళు కావాలా నాన్నా అంటే టింగ్. దీపం తీసెయ్యనా అంటే టింగ్ టింగ్. అయిదు నెలలు ఆ గంటతోనే మా ఇల్లు నడిచింది.

అమ్మ సంగతి చెప్పాలి. మా అమ్మ నాన్న పేరు ఏనాడూ నోటితో అనలేదు, మా ఎదుట ఆయన్ను చేత్తో తాకి ఎరగదు. ఆ తరం అంతే, మీకు తెలుసు. మంచానపడ్డాక కూడా, మేం లేనప్పుడు అన్ని సేవలూ చేసేది గానీ మేం గదిలోకి వస్తే జరిగి దూరంగా కూర్చునేది. ఆవిడ చూపంతా తెర మీదే. చదువు రాదు గానీ ఆ బూడిదరంగు వేళ్ళను చదవడం నేర్చుకుంది, ఈ పూట కోపంగా ఉన్నారనో నిద్రొస్తోందనో వేళ్ళ ఒత్తు చూసి చెప్పేసేది. ఒకసారి నేను తలుపు దగ్గర నిలబడి ఉండగా, ఎవరూ లేరనుకుని, తెర మీది సగం వేలి మీద తన వేలు ఆనించి కూర్చోవడం చూశాను. చప్పుడు చెయ్యకుండా వెనక్కి వెళ్ళిపోయాను.

ఇక పెట్టె సంరక్షణ నాది. ఫిట్టరు కూతుర్ని కదా, రోజూ పొద్దున్నే నాన్న చెయ్యి ఎత్తి, కిరసనాయిలులో ముంచిన నూలుపీచుతో రబ్బరు శుభ్రంగా తుడిచి, కంప్యూటరులో ఒక మీట నొక్కేదాన్ని. ఆ మీటతో యంత్రం అప్పుడున్న ఆకారాన్ని సున్నాగా పెట్టుకుని పాత ముద్రలు మరిచిపోతుంది. నేను లేని రోజున అమ్మే ఆ రెండు పనులూ చేసేది. చలికాలం మొదలయ్యాక, నాన్న నిద్రపోతుండగా మధ్యాహ్నం పూట ఎప్పుడైనా గంట ఒకసారి మోగేది. నిద్రలో వేలు కదిలిందనుకునేవాళ్ళం. అంతకు మించి ఎవరం ఆలోచించలేదు.

జనవరిలో నాన్నకు మూర్ఛలు మొదలయ్యాయి. తలలో రక్తం గడ్డ కట్టిందనీ, కోల్‌కతా తీసుకెళ్ళి ఆపరేషను చేయిస్తే ఒకవేళ దక్కవచ్చనీ, దక్కకపోనూవచ్చనీ డాక్టరు చెప్పాడు. అన్నయ్య వెళ్దామన్నాడు. నేను వద్దన్నాను. ఒంట్లో శక్తి ఉన్న రోజుల్లో, ఈ మంచం మీదనుంచే నన్ను పంపండర్రా, గొట్టాలు పెట్టించకండి అని నాన్న నవ్వుతూ అనేవాడు, అది నా చెవుల్లో ఉంది. ఇద్దరం మాటా మాటా అనుకున్నాం, వదిన మధ్యలో ఏడ్చింది. చివరికి, మనమెవరం తేల్చడానికి, నాన్ననే అడుగుదామన్నాను. నేనే అన్నాను.

మధ్యాహ్నం మూడు దాటింది. చలి బాగా ఉండి అమ్మ దుప్పటిని నాన్న మెడ దాకా, పెట్టె మీదుగా కప్పి పక్కన కూర్చుంది. పెట్టె లోపల దాని దీపాలు దానికున్నాయి కనుక దుప్పటి అడ్డం కాదు. నాన్న కళ్ళు తెరిచే ఉన్నాయి. అన్నయ్య వంగి, "కలకత్తా ఎల్దామా నాన్నా? ఆపరేసన్ సేయిద్దామా?" అని గట్టిగా అడిగాడు. అందరం తెర వంక తిరిగాం. బూడిదరంగులో మూడున్నర వేళ్ళు నెమ్మదిగా తేలాయి. గంట ఒకసారి మోగింది. రెండోసారి మోగుతుందేమోనని నేను ఎదురుచూశాను, మోగలేదు. సరే అన్నాను.

కోల్‌కతాలో ఆపరేషనయిన మూడోరోజున నాన్న పోయాడు, మమ్మల్నెవర్నీ లోపలికి రానివ్వని గదిలో, గొట్టాల మధ్య. పోయేటప్పుడు ఆయన చెయ్యి ఎవరి చేతిలోనూ లేదు.

కర్మలన్నీ అయిపోయి చుట్టాలు వెళ్ళిపోయిన మర్నాడు అమ్మ పొద్దున్నే లేచి, అలవాటు చొప్పున కంప్యూటరు వెలిగించింది. మేమెవరం వద్దనలేదు. మంచం దానమిచ్చేశాం, పెట్టె ఒక్కటీ బల్ల మీద ఉంది. మూడు దాటాక ఎండ గదిలో సగం దాకా వచ్చి ఉంది, వదినా నేనూ బియ్యం ఏరుతున్నాం. గంట మోగింది. మేమిద్దరం తలెత్తి చూసేసరికి తెర మీద మూడు వేళ్ళూ, సగం వేలూ స్పష్టంగా ఉన్నాయి. రబ్బరు మీద ఏమీ లేదు, ఎండ తప్ప. వదిన చేతిలోంచి చేట జారిపోయింది. అమ్మ మాత్రం వంటింట్లోంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, ఎవరో పిలిస్తే వచ్చినట్టు వచ్చి, బల్ల ముందు కూర్చుని, మాకు వినబడకుండా ఏదో అడిగింది. కాసేపటికి ముద్ర వాలిపోయి, మళ్ళీ తేలి, గంట మళ్ళీ ఒకసారి మోగింది. అమ్మ తలూపింది. వదిన శాంతి చేయించాలంది, పెట్టె బయట పారేయాలంది. అమ్మ మూడు రోజులు ఆ బల్ల ముందు నుంచి కదల్లేదు.

నాలుగోరోజు అమ్మ స్నానానికి వెళ్ళినప్పుడు నేను పెట్టెను చీరకొంగు కింద పెట్టుకుని ల్యాబుకు పట్టుకుపోయాను. వరంగల్ అమ్మాయి దాన్ని విప్పి, రబ్బరు ముక్కు దగ్గర పెట్టుకుని, నా వంక అదోలా చూసింది. "అక్కా, గిది దేంతోని తుడిచిండ్రు?" కిరసనాయిలు అన్నాను. ఈ రబ్బరు కిరసనాయిలు తాగి ఉబ్బుతుందట. నాన్న వేళ్ళు నెలల తరబడి ఒక్కచోటే ఆని, అక్కడ వెండిరంగు అరిగిపోయి, సరిగ్గా ఆ మూడున్నర వేళ్ళ మేరకే కిరసనాయిలు ఇంకుతోందట. పొద్దున్న ఉబ్బిన ఆకారాన్ని సున్నా చేస్తాం, మధ్యాహ్నానికి అది ఆరి కుంగుతుంది, కుంగడం యంత్రానికి నొక్కినట్టే కనిపిస్తుంది. "ఒక్కసారే కుంగుతది అక్కా, గంట ఒక్కసారే కొడుతది. పొద్దుమూకేసరికి మొత్తం ఆరిపోతది" అని చెప్పి ఆ పిల్ల ఏడవడం మొదలుపెట్టింది. నాకు ఏడుపు రాలేదు. ఆ యంత్రానికి తనంతట తానుగా అవునని చెప్పడం తప్ప, కాదని చెప్పడం చేతకాదని అర్థమయ్యాక ఏడుపు ఎక్కడిది? కోల్‌కతాకు వెళ్దామని మాట్లాడింది నాన్నో, నా చేతి నూలుపీచో ఇక తేలదు.

ఆ సంగతి అమ్మకు చెప్పే ధైర్యం నాకు పదిహేడేళ్ళు రాలేదు. పెట్టె పాడైపోయిందని అబద్ధం చెప్పాను. చివరికి, పోవడానికి కొన్ని నెలల ముందు, ఒక వానపూట ఆవిడ కాళ్ళకు నూనె రాస్తూ మొత్తం చెప్పేశాను. కిరసనాయిలు తప్పు నాదేననీ, నాన్న అవునన్నాడో లేదో ఎవరికీ తెలియదనీ.

"నాకు తెలుసే" అంది అమ్మ. "ఆ రోజు ఆయన సెయ్యి రబ్బరు మీద లేదు. సలికి సల్లబడిపోనాదని దుప్పటి కింద నా సేతుల్లోకి తీసుకున్నాను. మీరెవరూ సూడలేదు. పెద్దోడు అడగ్గానే నా సేతిలో రెండు సార్లు నొక్కినాడు. గట్టిగానే నొక్కినాడే. ఈలోగా గంట ఒకటే మోగినాది, మీరంతా అటే సూసినారు."

మరి చెప్పలేదేం అని అడిగాను.

"ఏటి సెప్పమంటావు? బతుకుతాడేమో అనుకున్నాను."

వాన జోరుగా పడుతోంది. చిన్నపిల్లలా నా మొహంలోకి చూస్తూ, కర్మలయ్యాక మోగింది కూడా ఆయన కాదా మరి అని అడిగింది. ఆ మూడు రోజులూ ఆవిడ బల్ల ముందు కూర్చుని అడిగింది ఒక్కటేనట, తప్పయిపోయింది, నన్ను మన్నించావా అని. అడిగినప్పుడల్లా అవునని మోగిందట. పదిహేడేళ్ళు ఆవిడ కట్టుకున్న ఒక్క గోడను నా నిజంతో తోసేశానని తెలిసి, ఆ రోజుల్లో నువ్వు దాన్ని కిరసనాయిలుతో తుడిచావా అమ్మా అని అడిగాను. లేదంది. మైల రోజుల్లో తానేదీ ముట్టలేదట, ఆ తరవాత మీట వేయడమే తప్ప తుడవలేదట, తుడిస్తే ఆయన ముద్ర పోతుందని.

రబ్బరు కుంగితే ఒక్కసారే కుంగుతుంది, పొద్దు గూకేసరికి ఆరిపోతుంది. అప్పటికి మేము కోల్‌కతా వెళ్ళి రెండు వారాలు దాటింది. మరి ఆ మధ్యాహ్నం కుంగిందేమిటో, నా ఐటిఐ చదువుకు తెలియదు. వరంగల్ అమ్మాయికి రాసి అడగవచ్చు, ఇప్పుడు పెద్ద హోదాలో ఉంది, అడగలేదు. "అది నాన్నేనమ్మా" అన్నాను. అమ్మ కళ్ళు మూసుకుంది. అమ్మ పోయి ఇప్పటికి రెండేళ్ళయింది.

రోజులు మారాయి. కెమెరాతో తడిమి పండును నలపకుండా కోసే యంత్రపు చేతులు వచ్చాయని ఆ అమ్మాయి ఆ మధ్య ఫొటోలు పంపింది, చూస్తే ముచ్చటేసింది. మనం మాత్రం తాకడం తగ్గించుకున్నాం. జ్వరమొస్తే నుదుటి మీద చెయ్యి వేసేవాళ్ళు కరువయ్యారు, ఆసుపత్రిలో నర్సమ్మ కూడా మనిషిని కాక తెరనే పలకరిస్తుంది, పక్కింట్లో పెద్దావిడకు ఒంట్లో బాగాలేదంటే వీడియోలో చూసి ఊరుకుంటున్నాం. నేనా పని చెయ్యలేను. ఎవరింటికైనా రోగిని చూడ్డానికి వెళితే, వాళ్ళు టీవీ వంక చూపించినా, రిపోర్టులు చేతిలో పెట్టినా, ముందు మంచం పక్కన కూర్చుని వాళ్ళ చెయ్యి నా చేతిలోకి తీసుకుంటాను. మాట్లాడుతూనే ఉంటాను గానీ నా ధ్యాసంతా ఆ వేళ్ళ మీదే, రెండుసార్లు నొక్కుతారేమోనని.